శాసనాన్ని స్కాన్ చేస్తే పని అయిపోయినట్టేనా?

ఫలానా గ్రంథాలయంలో ఇన్ని లక్షల పేజీలు డిజిటైజ్ చేశారు, ఫలానా మ్యూజియం ఇన్ని వేల వస్తువుల్ని ఆన్‌లైన్లో పెట్టింది అన్న వార్తలు తరచూ కనిపిస్తాయి. లెక్క ఎప్పుడూ పేజీల్లోనో, ఫొటోల్లోనో, టెరాబైట్లలోనో చెబుతారు. ఆ పేజీల్లో కావలసినది వెతికితే దొరుకుతుందా, దొరికినదాన్ని నమ్మొచ్చా, పదేళ్ళ తర్వాత కూడా అది అక్కడే ఉంటుందా అన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు. పరిశోధన చేసేవాళ్ళకి కావలసింది ఈ రెండో లెక్కే. తెలుగు నేల మీది శాసనాలను ముందు పెట్టుకుని చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. శాసనమంటే రాయి, దాని మీది అక్షరాలు, వాటిని చదివినవాళ్ళు ఇచ్చిన పాఠం, తేదీ, దొరికిన చోటు, ఇవన్నీ కలిస్తేనే శాసనం. వీటిలో ఏ ఒక్కటి జారిపోయినా మిగతావాటి విలువ సగానికి పడిపోతుంది.

అమరావతి స్థూపం సంగతే చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో మొదటిసారి అక్కడికి వెళ్ళేటప్పటికే అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నాడు, దిబ్బలోంచి రాళ్ళు తరలిపోతున్నాయి. పాలరాయిలా మెరిసే ఆ పల్నాటి సున్నపురాయి ఫలకాలను కాల్చి సున్నం చేసుకోవడం కూడా జరిగింది. 1816లో మెకంజీ మళ్ళీ వచ్చి, వెంట తెచ్చుకున్న చిత్రకారుల చేత మిగిలిన శిల్పాలను శ్రద్ధగా గీయించాడు. ఆ బొమ్మల సంపుటం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని రాళ్ళు కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు, బొమ్మలే మిగిలాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన ఫలకాలు మద్రాసుకి, అక్కడినుంచి 1859లో లండన్‌కి చేరాయి. ఇక 1880లో మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ ఆదేశం మీద స్థూపం చోటంతా తవ్వి ‘శుభ్రం’ చేశారు. రాళ్ళయితే బయటపడ్డాయి గానీ, ఏ రాయి ఏ దిక్కున, ఎంత లోతులో, దేని పక్కన పడి ఉందో సరిగ్గా రాసుకున్నవాళ్ళు లేరు. ఆ తర్వాత పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి చేయగలిగింది పెద్దగా మిగల్లేదు. ఏ ఫలకం స్థూపంలో ఎక్కడ ఉండేదో తేల్చడానికి ఇవాళ్టికీ పండితులు తంటాలు పడుతున్నారు. అలాగని రాళ్ళు లేవా అంటే చెన్నైలో ఉన్నాయి, లండన్లో ఉన్నాయి, అమరావతిలోనూ ఉన్నాయి. వాటి చోటు గురించిన సమాచారమే పోయింది, అది మళ్ళీ రాదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కాబట్టి అలాంటిది మళ్ళీ జరగదనుకుంటాం. ఊళ్ళో చెరువు కట్ట మీదో, పొలం గట్టునో ఒక శాసనం కనిపిస్తుంది. చూసినతను ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీస్తాడు. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ ఫొటో ఫైల్లోనే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం, కెమెరా వివరాలు అన్నీ నమోదవుతాయి. మెకంజీ బృందం రోజంతా కష్టపడి రాసుకున్న సమాచారం ఇక్కడ ఊరికే వచ్చేసింది. తర్వాత అతను ఆ ఫొటోలను వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వాట్సాప్ ఫొటోని కుదించి చిన్నది చేస్తుంది, లోపలున్న లొకేషన్‌ని తీసేస్తుంది, ఫైలుకి తనదైన పేరు పెట్టేస్తుంది. గ్రూపులో ఎవరో దాన్ని సేవ్ చేసి ఫేస్‌బుక్‌లో పెడతారు, అక్కడ ఇంకోసారి కుదించుకుపోతుంది. చివరికి ఆ శాసనం చదవగలిగిన మనిషి చేతికి చేరేది అరిగిపోయిన అక్షరాలు ఇంకా అరిగిపోయి కనిపించే ఒక మసక బొమ్మ, దానితోపాటు ‘మండలంలో ఏదో ఊరు’ అన్న కబురు. ఆర్నెల్ల తర్వాత ఫోన్ మారుతుంది, అసలు ఫైలు పోతుంది. అదే ఫొటోని వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంట్’గా పంపి ఉంటే అసలు ఫైలు చెక్కుచెదరకుండా వెళ్ళేది. తెలుగు రాష్ట్రాల్లో కొత్త శాసనాలను బయటికి తెస్తున్నవాళ్ళలో జీతం, గ్రాంటు లేని ఔత్సాహికులు చాలామందే ఉన్నారు. వాళ్ళకి ఖరీదైన స్కానర్ కంటే ముందు ఈ ఒక్క అలవాటు ఎక్కువ మేలు చేస్తుంది.

ఫొటో తీసేటప్పుడు జరిగే ఇంకో పొరపాటు దీనికంటే తిప్పలు తెస్తుంది. అక్షరాలు సరిగా కనపడటం లేదని గాడుల్లో సుద్దముక్కతోనో, ముగ్గుపిండితోనో దిద్దుతారు. ఫొటోలో అక్షరాలు తెల్లగా, అందంగా వస్తాయి. కానీ అవి రాయి మీది అక్షరాలు కావు, దిద్దినతను ఏమనుకున్నాడో ఆ అక్షరాలు. అతను ‘వ’ అనుకుని దిద్దింది ‘ప’ కావచ్చు, గీత అనుకుని సుద్ద పూసింది రాయి మీది పగులు కావచ్చు. తర్వాత ఆ ఫొటో చూసి చదివేవాళ్ళందరికీ ఆ ఊహే సాక్ష్యమైపోతుంది. తడి కాగితం పరిచి బ్రష్‌తో కొట్టి సిరా అద్ది తీసే పాతకాలపు ఎస్టాంపేజిలో ఈ బెడద చాలా తక్కువ, రాయి ఎలా ఉందో కాగితం దాదాపు అలాగే వస్తుంది. భారత పురావస్తు శాఖ శాసన విభాగం వందేళ్ళకు పైగా ఇలాంటి ప్రతులు తీయించి దాచింది, కొన్నిటి అసలు రాళ్ళు ఇప్పుడు లేవు.

సుద్ద లేకుండా అక్షరం చూడాలంటే వెలుతురు పక్కనుంచి పడాలి. శాసనాలు చదివేవాళ్ళు రాత్రిపూట టార్చిలైటు వాలుగా వేసి చూడటం ఎప్పటినుంచో ఉన్నదే. 2001లో హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు ఈ కిటుకునే కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కెమెరా కదలకుండా పెట్టి, లైటుని ఒక్కో దిక్కు నుంచి వేస్తూ వరసగా ఫొటోలు తీసి కలిపితే, తర్వాత తెర మీద లైటుని కావలసిన వైపు తిప్పుకుంటూ చదువుకోవచ్చు. దీన్నే ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అంటారు, సమాచార హక్కు చట్టంతో సంబంధం లేదు. బెంగళూరులో మిథిక్ సొసైటీ 2021 నుంచి నగరం చుట్టుపక్కల శాసనాలను 3డీ స్కాన్ చేస్తోంది. అరిగిపోయి కంటికి ఆనని అక్షరాలు కూడా ఆ నమూనాల్లో తేలుతున్నాయి. స్కానర్ లేకపోయినా ఫర్వాలేదు, మామూలు కెమెరాతో అన్ని కోణాల నుంచి తీసిన ఫొటోలను కలిపి 3డీ బొమ్మ తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. జాగ్రత్త పడాల్సింది ఫైలు విషయంలో. స్కానర్ కంపెనీ సొంత ఫార్మాట్‌లో మాత్రమే దాచుకుంటే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ పోయిన రోజు స్కానూ పోయినట్టే. ఓబీజే, పీఎల్‌వై లాంటి అందరూ తెరవగలిగే ఫార్మాట్‌లో ఒక ప్రతి, దానితోపాటు మూలమైన ఫొటోలన్నీ ఉంచుకోవాలి. రేపు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే ఆ ఫొటోల నుంచే మళ్ళీ కట్టుకోవచ్చు.

బొమ్మ ఎంత బాగా వచ్చినా అది ఇంకా పాఠం కాదు. చదివి రాసిపెట్టే దగ్గర అసలు చిక్కంతా ఉంది. నాగార్జునకొండ మహాచైత్యం (పెద్ద స్థూపం) నాలుగు దిక్కులా నిలిపిన ఆయక స్తంభాల శాసనాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఇక్ష్వాకు రాజు వాసిఠీపుత చాంతమూలుడి సోదరి చాంతిసిరి వేయించిన స్తంభాల మీద దాదాపు ఒకే రకం ప్రాకృత వాక్యాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక స్తంభం మీద నాలుగు అక్షరాలు చెదిరిపోతే పక్క స్తంభం చూసి పూరించొచ్చు, పండితులు చేసేదీ అదే. అయితే పూరించినవి, రాయి మీద నిజంగా కనిపించేవి వేరువేరుగా తెలియాలి. అచ్చు పుస్తకాల్లో దీనికి బ్రాకెట్లు వాడేవారు. పోయిన అక్షరాలకు ఒక రకం, అనుమానంగా ఉన్నవాటికి ఇంకో రకం. ఏ బ్రాకెట్ దేనికన్నది ఒక్కో సంపాదకుడికి ఒక్కో పద్ధతి. ఆ పుస్తకాన్ని ఎవరైనా మామూలు వర్డ్ ఫైల్లోకి టైపు చేసేటప్పుడు ‘చూడ్డానికి బాగాలేదు’ అని బ్రాకెట్లు ఎగరగొడితే, ఊహించి రాసిన అక్షరం ఆ క్షణం నుంచి చారిత్రక సత్యం అయి కూర్చుంటుంది.

ఎపిడాక్ అనే పద్ధతి పుట్టింది దీనికోసమే. ఇది ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే పాఠంలోని ప్రతి ముక్కకీ కంప్యూటర్ చదవగలిగే గుర్తులు తగిలించే పద్ధతిలో, శాసనాలను రాసే ఒక ఒప్పందం. గ్రీకు, లాటిన్ శాసనాల దగ్గర మొదలై మిగతా భాషలకు పాకింది. ఇందులో బ్రాకెట్ బదులు ప్రతి అనుమానానికీ ఒక గుర్తు ఉంటుంది. ఇక్కడ మూడు అక్షరాలు పోయాయి, రాయి విరిగినందువల్ల. ఈ రెండు అక్షరాలు సంపాదకుడు పూరించినవి. ఈ అక్షరం అస్పష్టం. ఈ మాటను ఇంతకుముందు ఫలానావారు ఇంకోలా చదివారు. పంక్తి ఎక్కడ మారిందో కూడా ఉంటుంది, ఒక మాట పంక్తి చివర విరిగితే ఆ విరుపుతో సహా. కంప్యూటర్‌కి ఇవన్నీ అర్థమవుతాయి కాబట్టి ‘పూరించినవి తీసేసి, రాయి మీద ఉన్నవాటిలోనే వెతుకు’ అని అడగొచ్చు. అచ్చు పుస్తకాన్ని అలా అడగలేం. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పేజీలు తిప్పాల్సిందే.

తెలుగువాళ్ళలో చాలామందికి తెలియని సంగతి, తూర్పు చాళుక్యుల కంటే ముందరి ఆంధ్రదేశ శాసనాలు ఈ పద్ధతిలో ఇప్పటికే ఆన్‌లైన్లో ఉన్నాయి. ఫ్రాన్స్‌కి చెందిన ఈఎఫ్‌ఈఓ సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న ఆ సేకరణను ఈఐఏడీ అంటారు. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ శాసనాలు అందులో ఒక్కొక్కటి ఒక్కో నంబరుతో, పాఠం, అనువాదం, ఇంతకుముందు ఎవరెవరు అచ్చువేశారన్న వివరాలతో దొరుకుతాయి. ఆ తర్వాత యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ నిధులతో వచ్చిన ధర్మ ప్రాజెక్టులో వేంగీ చాళుక్యుల, అంటే తూర్పు చాళుక్యుల, శాసనాలను కూడా ఇలాగే ఎక్కిస్తున్నారు. ఆ ఫైళ్ళు గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కోడ్ దాచుకునే చోట రాగిరేకుల మీది శాసనాల పాఠాలు ఏమిటనిపించొచ్చు గానీ, అక్కడ పెట్టడంలో పెద్ద లాభం ఉంది. ఒక పాఠంలో ఏ అక్షరాన్ని ఎవరు, ఏ రోజు, ఎందుకు మార్చారో చరిత్ర మొత్తం మిగులుతుంది. గిట్‌హబ్ వాడటం వచ్చిన తెలుగువాళ్ళకి లోటేమీ లేదు, హైదరాబాద్ నుంచి డాలస్ దాకా కావలసినంతమంది. శాసనాలు చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. ఈ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునే సందర్భం మన దగ్గర ఇంకా పెద్దగా రాలేదు, విదేశాల్లో వచ్చింది. ఇది కాస్త సిగ్గుపడాల్సిన విషయమే.

తేదీల దగ్గర ఇంకో రకం గొడవ. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడి శాసనం శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం అంటుంది. ఎక్సెల్‌లో ఒక కాలమ్ పెట్టి శకవర్షానికి 78 కలిపే ఫార్ములా రాస్తే 1162 వస్తుంది. కానీ మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లిషు సంవత్సరం మారిపోతుంది, కాబట్టి ఆ రోజు నిజానికి 1163 జనవరి 19. వారం కూడా సరిపోతుంది. కాకతీయుల చరిత్రలో ఒక్క ఏడాది తేడా కొంప ముంచదు అనొచ్చు. కానీ రెండు శాసనాల్లో ఏది ముందు, ఎవరు ఎప్పటికి స్వతంత్రులయ్యారు అన్న వాదనలు ఆ ఒక్క ఏడాది మీదే నిలబడిన సందర్భాలు ఉంటాయి. అందుకే మంచి డేటాబేస్‌లో తేదీకి ఒక్క గడి చాలదు. శాసనంలో ఉన్న మాటలు యథాతథంగా ఒకచోట, మార్చిన తేదీ ఇంకోచోట, మార్చింది ఎవరు, ఏ లెక్కతో అన్నది మూడోచోట. మాసం తెలియకపోతే 1162-63 అని వ్యవధిగా రాయాలి తప్ప ఏదో ఒకటి ఎంచుకోకూడదు. తేదీయే లేక లిపి తీరును బట్టి ‘12వ శతాబ్దం’ అని అంచనా కట్టినవాటికి అది అంచనా అన్న గుర్తు తప్పకుండా ఉండాలి.

ఇక తెలుగు అక్షరాల సొంత కష్టాలు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్‌లో ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అయినా ప్రాచీన శాసనాల్లో వచ్చే ‘ఴ’ అక్షరం 2014లో, ‘ౚ’ 2015లో, నకారపొల్లు 2021లో మాత్రమే చేరాయి. అంతకుముందు చోఴ అన్న మాటను కడప ప్రాంతపు రేనాటి శాసనాల్లో ఉన్నట్టు తెలుగులో టైపు చేయాలంటే దారి లేదు, ‘ళ’ తో సరిపెట్టుకోవడమే, లేకపోతే రోమన్ లిపిలో రాసుకోవడమే. ఇప్పటికీ చాలా ఫాంట్లలో ఈ అక్షరాల బదులు ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి.

దీనికంటే పెద్ద గండం యూనికోడ్ అలవాటు కాకముందు, అలవాటయ్యాక కూడా, డీటీపీ సెంటర్లలో టైపు చేసిన సరుకు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారైన థీసిస్‌లు, జిల్లా చరిత్రలు, శాసన సంపుటాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఫైల్లో నిజానికి తెలుగు లేదు, ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే ఉన్నాయి. వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడిగారు, తలకట్టు ఒక గుర్తు, కొమ్ము ఇంకో గుర్తు, వత్తు మరొకటి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి. పీడీఎఫ్ చేసి ఉంటే చూడ్డానికి చక్కగానే ఉంటుంది, ఒక పేరా కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే అర్థంకాని గుర్తులు రాలతాయి. విశ్వవిద్యాలయాల పరిశోధనలన్నీ దాచే శోధ్‌గంగలో తెలుగు థీసిస్‌లు వెతికేవాళ్ళకి ఇది బాగా అనుభవం. థీసిస్ ఉంటుంది, లోపలి మాట కోసం వెతికితే ఏమీ రాదు. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, ఫాంట్ రకాన్ని బట్టి సంయుక్తాక్షరాలు తారుమారవుతాయి, ఎవరో ఒకరు కూర్చుని దిద్దక తప్పదు. ఆ ఫైళ్ళు టైపు చేసినవాళ్ళు, రాసినవాళ్ళు అందుబాటులో ఉండగానే ఆ పని జరగాలి. హార్డ్ డిస్కులు అంతకాలం ఆగకపోవచ్చు కూడా.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనుభవం ఈ మొత్తం వ్యవహారానికి నమూనా లాంటిది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉండి తలపెట్టిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు 2000 దశకంలో లక్షల పుస్తకాలను స్కాన్ చేశాయి. తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. ఆ స్కానింగే జరగకపోతే ఎన్నో పుస్తకాలు చెదపురుగుల పాలయ్యేవి, ఆ ఘనత కాదనలేం. కానీ పుస్తకాల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్ళు ఎక్కించారు. ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా ఉంటుంది, కొన్నిటికి పేరే ఉండదు. పుస్తకం ఉందని తెలిసినా పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడిన పని. కొన్నేళ్ళకి ఆ వెబ్‌సైటే ఆగిపోయింది. ఇవాళ ఆ పుస్తకాలు దొరుకుతున్నాయంటే వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడం వల్ల. అవి ఏమేం పుస్తకాలో తెలుస్తోందంటే, తెలుగు వికీపీడియాలో ఔత్సాహికులు కూర్చుని జాబితాను తెలుగు లిపిలో తయారుచేయడం వల్ల. స్కానింగ్‌కి డబ్బు, యంత్రాలు, మనుషులు దొరికాయి. పేరు సరిగ్గా రాయడానికి దొరకలేదు.

అక్కడినుంచి తర్వాతి మెట్టు తెలుగు వికీసోర్స్, పాత పుస్తకాల పాఠాన్ని ఎవరైనా ఎక్కించి దిద్దగలిగే ఉచిత గ్రంథాలయం. స్కాన్ పేజీ ఒక పక్క, పాఠం ఇంకో పక్క పెట్టుకుని దిద్దే ఏర్పాటు అందులో ఉంది. పేజీ బొమ్మలోంచి అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తెలుగుని బాగానే చదువుతుంది. అయినా పాత అచ్చులో మ, య ఒకదానికొకటి మారతాయి, థ, ధ కలిసిపోతాయి, అరసున్న మాయమవుతుంది, బండి ‘ఱ’ ఏదో ఒకటిగా మారిపోతుంది. నవల చదువుకునేవాళ్ళకి ఇవి చిన్న తప్పులే. శాసన పాఠంలో ‘ఱ’ పోతే భాషా చరిత్ర రాసేవాళ్ళకి ఆ పేజీ దండగ. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో తెలుగు శాసనాల కోసమే వచ్చిన పదో సంపుటం 1948 నాటిది. మన చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణలకి కాపీరైట్ 60 ఏళ్ళు, అంటే దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. తీరిక, ఓపిక ఉన్నవాళ్ళు మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు.

దాచడం విషయానికొస్తే, ఎవరో ఒకరి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంచుకోవడం మన దగ్గర రివాజు. రెండేళ్ళు వాడని ఖాతాలను గూగుల్ తొలగించే నియమం 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఒక పరిశోధకుడు కన్నుమూస్తే ఆయన జీవితకాలపు ఫొటోలకి మిగిలిన ఆయువు ఆ రెండేళ్ళే. ఐరోపాలోని సెర్న్ పరిశోధనా సంస్థ నడిపే జెనోడో, పరిశోధన ఫైళ్ళు దాచుకునే వెబ్‌సైట్, 2013 నుంచీ ఉంది, ఉచితం. ఒక్కో రికార్డుకి 50 గిగాబైట్ల దాకా ఎక్కించొచ్చు, డీఓఐ అనే శాశ్వత నంబరు ఇస్తుంది. తప్పులు దిద్ది కొత్త ప్రతి పెడితే పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది. ఫొటోలు ఒకట్రెండు అయితే వికీమీడియా కామన్స్ చాలు. పెద్ద మ్యూజియంలు, గ్రంథాలయాలు వాడే ట్రిపుల్ ఐఎఫ్ పద్ధతి ఇంకో సౌకర్యం ఇస్తుంది. బొమ్మలో కావలసిన ముక్కని, కావలసిన సైజులో, ఒక వెబ్ చిరునామాతో అడగొచ్చు. ఒక ఫలకం ముక్క ఒక ఊళ్ళో, దాని జత ముక్క ఇంకో దేశంలో ఉన్నా, రెండు సంస్థలూ ఈ పద్ధతి పాటిస్తే ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అమరావతి లాంటి చెల్లాచెదురైన స్థూపానికి ఇంతకంటే పనికొచ్చే సాధనం లేదు.

పెద్ద సంస్థ కదా అని ఒక్కచోటే నమ్ముకోవడం కూడా పనికిరాదు. 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ సేకరణలు నెలల తరబడి అందకుండా పోయాయి. సరిగ్గా ఏడాదికి ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద దాడి జరిగి అదీ కొన్ని రోజులు మూతపడింది. మెకంజీ సంపుటం ఉన్నది మొదటిదాంట్లో, మన పాత పుస్తకాలు ఉన్నది రెండోదాంట్లో. ప్రతులు రెండు మూడు చోట్ల, వేరువేరు సంస్థల దగ్గర ఉండాలి. అవన్నీ ఒకటేనా, మధ్యలో ఏదైనా పాడైందా అని చూసుకోవడానికి చెక్‌సమ్ ఉంటుంది. ఫైలు మొత్తం నుంచి లెక్కకట్టిన ఒక పొడవాటి సంఖ్య అది, లోపల ఒక్క అక్షరం మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. ఏడాదికోసారి సరిచూసుకుంటే చాలు.

అన్నీ బయట పెట్టేయాలా అంటే, కాదు. గుప్తనిధుల వేటగాళ్ళ బెడద ఉన్న ప్రాంతాల్లో అడవిలో ఒంటరిగా ఉన్న శాసనానికో, పాడుబడ్డ గుడికో కచ్చితమైన జీపీఎస్ ఇవ్వడమంటే గునపం పట్టుకున్నవాడికి దారి చూపించడమే. అక్షాంశ రేఖాంశాలను రెండు దశాంశ స్థానాలకి కుదించి పెడితే కిలోమీటరు తేడాలో ఊరు తెలుస్తుంది, రాయి తెలియదు. పూర్తి వివరం పురావస్తు శాఖ దగ్గర, పరిశోధకుల దగ్గర ఉంటే సరిపోతుంది. కొన్నిటికి హద్దులు గీయాల్సింది ఆ సంపద సొంతమైనవాళ్ళు. ఆస్ట్రేలియాలో వారుముంగు ఆదివాసుల కోసం మొదలైన ముకుర్టు అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫొటో ఎవరు చూడొచ్చో వాళ్ళ ఆచారాల ప్రకారమే నిర్ణయమవుతుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండుల ఇళ్ళలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, ఫాంట్లు వచ్చాయి. అక్కడ కూడా ఏది అందరికీ చూపాలి, ఏది వద్దు అన్నది ఆ ఇళ్ళవాళ్ళే చెప్పాలి, ప్రాజెక్టు గడువు కాదు.

2023-24 కేంద్ర బడ్జెట్‌లో శాసనాల డిజిటల్ మ్యూజియం ప్రకటించారు, మొదటి దశలో లక్ష శాసనాలని చెప్పారు, అది హైదరాబాద్‌కే వచ్చింది. మంచి కబురు. ఆ లక్ష అనే అంకె దగ్గర ఆగిపోకుండా చూడాల్సినవి వేరే ఉన్నాయి. ప్రతి శాసనానికీ మారని నంబరు ఉంటుందా, బొమ్మ పూర్తి సైజులో దించుకోనిస్తారా, పాఠం యూనికోడ్‌లో ఉంటుందా, చదివినవాళ్ళ పేరు ఉంటుందా, బ్రాకెట్లు ఉంటాయా? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఇప్పుడు శాసనాలను ఏఐ చేత చదివించాలన్న ప్రయత్నాలు మొదలయ్యాయి. దానికి నేర్పాలంటే రాయి బొమ్మ, దాని పాఠం జతలుగా వేల సంఖ్యలో ఇవ్వాలి. పండితుడు పూరించిన అక్షరాలకి గుర్తు లేకుండా ఇస్తే అది పగుళ్ళలో, చెదిరిన చోట్ల, రాయి మీద లేని అక్షరాలను చదవడం నేర్చుకుంటుంది. చదివి ఊరుకోదు, తడబడకుండా చెబుతుంది. దాన్ని పట్టుకోవాలంటే మళ్ళీ ఆ రాయి దగ్గరికి, పక్కనుంచి వేసిన లైటు దగ్గరికి వెళ్ళాల్సిందే, అప్పటికి రాయి అక్కడ ఉంటే.